ఘాట్ రోడ్డు మీద రోజూ తిరిగే కారుకి స్టెబిలైజర్ రాడ్ మార్చాలంటే

మాది జయపురం. చుట్టాలందరూ విజయనగరం వైపే, కాబట్టి నెలకి రెండు మూడు సార్లు కొరాపుట్, సునాబెడ, సెమిలిగుడ, పొట్టంగి మీదుగా వెళ్ళి సుంకి ఘాట్ దిగి సాలూరులో టీ తాగి ముందుకెళ్ళడం, మళ్ళీ అదే దారిన ఎక్కి రావడం. మిగతా రోజులంతా అదే కారులో ఆఫీసు, బజారు, పిల్లల స్కూలు. కారు పాత సెడాన్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది, ముందు చక్రాలు లాగే బండి, వెనక చక్రాలకి విడివిడిగా సస్పెన్షన్ ఉన్నది. ఘాట్ దిగుతుంటే ప్రతి మలుపులోనూ బండి ఒక పక్కకి ఒరిగిపోయి, మలుపు అయ్యాక తీరిగ్గా లేచేది, వెనక సీట్లో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఒరే, పడవెక్కినట్టుందిరా, కాసేపు ఆపరా" అనేది. స్టెబిలైజర్ రాడ్ గురించి నేను పట్టించుకోవడం అక్కడ మొదలైంది. మార్చి రెండు వానాకాలాలు చూసేశాను కాబట్టి, మన రోడ్ల మీద తిరిగేవాళ్ళకి పనికొచ్చేలా ఎలా చెయ్యాలో రాస్తున్నాను.

స్వే బార్ అన్నా, యాంటీ రోల్ బార్ అన్నా, షెడ్డులో మిస్త్రీలు అనే స్టెబిలైజర్ రాడ్ అన్నా ఒకటే. కారు కింద అడ్డంగా ఉండే స్ప్రింగ్ స్టీలు కడ్డీ, రెండు కొసలూ వంగి చక్రాల వైపు వెళ్తాయి. మధ్యలో రెండు రబ్బరు ముక్కలు దాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచుతాయి, వాటినే డి బుష్‌లు అంటారు. కొసల దగ్గర జానెడు పొడుగుండే లింక్ రాడ్లు రాడ్‌ని, చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌కి కలుపుతాయి. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి కాబట్టి రాడ్ బుష్‌లో ఊరికే తిరుగుతుంది, దానికి పనేం లేదు. మలుపులో ఒక చక్రం లోపలికి నొక్కుకుపోయి రెండోది కిందకి జారుతుంది చూశారా, అప్పుడు రాడ్ తడి బట్ట పిండినట్టు మెలితిరుగుతుంది, ఆ మెలికని ఎదిరించి బండిని ఒరగనివ్వకుండా పట్టుకుంటుంది.

చాలామంది పొరపాటు పడేది ఎక్కడంటే, లావు రాడ్ వేస్తే గ్రిప్ పెరిగిపోద్ది అనుకుంటారు. పెరగదు. మలుపులో లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదకి ఎంత బరువు మారుతుందన్నది బండి బరువు ఎంత ఎత్తులో ఉంది, చక్రాల మధ్య వెడల్పు ఎంత, మలుపు ఎంత జోరుగా తీసుకున్నారు అన్న వాటి మీద ఉంటుంది. ఆ మారే బరువులో ముందు చక్రాల వాటా ఎంత, వెనక చక్రాల వాటా ఎంత అన్నది మాత్రమే రాడ్ తేలుస్తుంది. ముందు రాడ్, వెనక రాడ్‌లలో ఏది గట్టిగా ఉంటే ఆ వైపు బయటి చక్రం మీద ఎక్కువ భారం పడి ఆ వైపు పట్టు ముందుగా వదులుతుంది. ఇది బుర్రకెక్కితే ఏ రాడ్ కొనాలో సగం తేలిపోయినట్టే.

మన కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలు లాగేవి. అవి మామూలుగానే మలుపులో ముక్కు బయటికి తోసుకుపోతాయి, స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పాల్సి వస్తుంది. దానికి ముందు రాడ్ లావుది వేస్తే ఒరుగు తగ్గుద్ది గానీ ముక్కు తోపుడు ఇంకా పెరుగుద్ది, పైగా ఘాట్ ఎక్కేటప్పుడు హెయిర్‌పిన్ మలుపులో లోపలి ముందు చక్రం తేలికైపోయి ఉన్నచోటే తిరిగేస్తుంది. అందుకే రోజువారీ కారుకి నా సలహా ఒక్కటే, ముందు రాడ్ కంపెనీది అలాగే వదిలేయండి, వెనకది ఒక్క మెట్టు పెంచండి. ముందు రాడ్ మార్చాలంటే చాలా బండ్లలో సబ్‌ఫ్రేమ్, అంటే ఇంజను కింద ఉండే చట్రం, దించాలి, అదొక పూట పని, అంత కష్టానికి తగ్గ లాభం లేదు.

కొనేముందు ఒక ఆదివారం బండి కిందకి దూరండి. పాతబడ్డ కార్లలో చాలాసార్లు ఊగుడు అరిగిపోయిన బుష్‌ల వల్లా లింకుల వల్లా వస్తుంది. గుంతల రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తుంటే కింద నుంచి టక్ టక్ మని, ఒక చక్రం మాత్రమే గుంతలో పడినప్పుడు ఇంకా గట్టిగా వినిపిస్తే లింక్ కొసనుండే బాల్ జాయింట్‌ని, అంటే గుండు కీలుని, అనుమానించాలి. చదునైన చోట హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టి, ఒకర్ని బండిని పక్కలకి ఊపమని మీరు లింక్ మీద వేళ్ళు ఆనించండి, అరిగిపోయి ఉంటే ఆ చిన్న దెబ్బ వేలికి స్పష్టంగా తెలుస్తుంది. డి బుష్ చూస్తే రబ్బరు పగిలి, రాడ్‌కీ రబ్బరుకీ మధ్య సందు కనపడి, రాడ్ ఆ చోట అద్దంలా మెరుస్తుంది. నా బండిలో ఎడమ పక్క సందులో గోరు దూరింది. కొత్త బుష్‌లు, కొత్త లింకులు కంపెనీవే వేసి ఒకసారి ఘాట్ దిగితే ఊగుడు బాగానే తగ్గింది. మీకు అక్కడితో సరిపోతే అక్కడే ఆగిపోండి, నిజంగా చెప్తున్నాను, డబ్బు మిగులుతుంది. అలాగే టైర్లలో గాలి డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంత ఉందా, షాక్ అబ్జార్బర్లు నూనె కారుతున్నాయా చూడండి. షాకర్లు పోయిన బండికి రాడ్ మార్చి ఉపయోగం లేదు.

ఇంకోటి, మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి వెనక విడి సస్పెన్షన్ ఉండదు. రెండు చక్రాల ఆర్మ్‌లనీ కలిపే ఒక అడ్డదూలం ఉంటుంది, ఆ దూలమే మెలితిరిగి స్టెబిలైజర్ పని చేస్తుంది. అలాంటి బండికి తీసి మార్చడానికి విడిగా రాడ్ ఉండదు, పైన బోల్టులతో బిగించే అదనపు రాడ్ దొరికితే వేసుకోవచ్చు. అది క్లాంపులతోనో ఉన్న రంధ్రాలతోనో బిగిసేదై ఉండాలి. ఆ దూలానికి వెల్డింగు పెట్టడం గానీ, కొత్తగా బెజ్జాలు వెయ్యడం గానీ ఒప్పుకోకండి, రోజుకి వేల సార్లు మెలితిరిగే ముక్క అది, వెల్డింగు పెట్టిన చోటే పగులు మొదలవుద్ది.

ఇప్పుడు సైజు. ఉన్న రాడ్‌ని బుర్ర పెట్టి కొలవాలి. తుప్పూ మట్టీ వైర్ బ్రష్‌తో గీకి, వెర్నియర్ (మందం కొలిచే పరికరం)తో నేరుగా ఉన్న భాగంలో రెండు మూడు చోట్ల కొలవండి, బుష్ కింద అరిగిన చోట వద్దు. నాది 19 ఎంఎం వచ్చింది. గట్టిదనం లావుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే 21 ఎంఎం రాడ్ వేస్తే 21ని 19తో భాగించి ఆ వచ్చినదాన్ని నాలుగుసార్లు వేసి గుణిస్తే 1.49, దాదాపు సగం మేర గట్టిపడినట్టు. 22 వేస్తే 1.8, అంటే ఒక్క ఎంఎం తేడాకి ఎక్కడికో వెళ్ళిపోయింది చూడండి. ఇది రాడ్ ఒక్కదాని లెక్క, బండి ఒరగకుండా స్ప్రింగులు కూడా పట్టుకుంటాయి కాబట్టి మొత్తం మీద తేడా దీనికన్నా తక్కువే తెలుస్తుంది. అయినా ఫోన్లో ఎవరో లావు రాడ్ బొమ్మ చూపించారని 24, 25 కి ఎగబడకండి. లోపల డొల్లగా ఉండే రాడ్లు కూడా వస్తాయి, వాటి పై కొలత చూసి మోసపోకూడదు గానీ అవి చెడ్డవి కావు. 25 ఎంఎం లావుండి గోడ 4 ఎంఎం మందం ఉన్న గొట్టం అదే లావు గట్టి కడ్డీతో పోలిస్తే బరువు 54 శాతమే, గట్టిదనం మాత్రం 79 శాతం ఉంటుంది.

కొసల దగ్గర రెండు మూడు బెజ్జాలున్న రాడ్ దొరికితే అదే తీసుకోండి. కొసకి దగ్గరున్న బెజ్జంలో లింక్ పెడితే రాడ్ వంపు నుంచి లింక్ దాకా ఉన్న చెయ్యి పొడుగై రాడ్ మెత్తగా ఉంటుంది, లోపలి బెజ్జంలో పెడితే చెయ్యి పొట్టిదై గట్టిపడుతుంది. పానాని కొసన పట్టుకుని తిప్పడానికీ నట్టు దగ్గర పట్టుకుని తిప్పడానికీ ఉన్న తేడా లాంటిదే.

మీ మోడల్‌కి తయారుచేసిన రాడ్ తప్ప ఇంకోటి వెయ్యొద్దు. ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, సాలూరు లారీల ఊరు, అక్కడ లారీకి కావాల్సిన పనేదైనా అయిపోద్ది, కమాన్ కట్టలు కొట్టేవాళ్ళు, లేత్ మిషన్లు, వెల్డింగు షెడ్లు వరసగా ఉంటాయి. మొదట్లో నేను ఆన్‌లైన్ ధర చూసి వెనకాడి ఒక షెడ్డులో అడిగితే "ఏటుంది బాబూ, పాత రాడ్ కొసలు కోసీసి లావు కడ్డీకి అతికించీస్తాను, సాయంత్రం రండి" అన్నాడాయన. అతికించాడు కూడా. పదిహేను రోజులు బాగానే ఉంది. ఒకరోజు కొరాపుట్ నుంచి జయపురం ఘాట్ దిగుతుంటే కింద ఠప్ మని ఒక్కటే శబ్దం, ఆ తర్వాత మలుపులో బండి ముందుకన్నా ఘోరంగా ఒరిగింది, పక్కకి ఆపి చూస్తే అతుకు పక్కనే రాడ్ రెండు ముక్కలై ఒక ముక్క బ్రేకు గొట్టానికి రెండు వేళ్ళ దూరంలో వేలాడుతోంది. విరిగిన చోట గరుకుగా, ఇసక పలుకుల్లాగ ఉంది. ఆయన పనితనం తక్కువది కాదు, ఆయన చేతిలో లారీలు బాగుపడ్డం నేను చూశాను, కానీ ఈ స్టీలుకి కాల్చి చల్లార్చి ఒక పదును ఇస్తారు, వెల్డింగు వేడి తగిలితే ఆ పదును పోతుంది. వేడి చేసి వంచడం కూడా అంతే. ఆ బ్రేకు గొట్టం తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి.

కాగితాల సంగతి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 బండి మార్పుల గురించే, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి వేరైపోయేలా మార్చకూడదని అంటుంది. రాడ్ ఒక్కటి మార్చితే ఆర్సీలో రాసే వివరమేదీ మారదు, అయినా ఇన్సూరెన్స్ వాళ్ళకి ఒక మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. పాత రాడ్ పారేయకండి, బండి అమ్మేటప్పుడు మళ్ళీ వేసుకోవచ్చు.

ఇక పని. ముందు రోజు రాత్రే లింక్ నట్లకీ బ్రాకెట్ బోల్టులకీ తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి, మా వైపు వానలకి నట్లు రాయిలా పట్టేస్తాయి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకుని బండి కింద దూరొద్దు, రెండు జాకీ స్టాండ్లు కావాలి, లేకపోతే లిఫ్టు ఉన్న షెడ్డుకే వెళ్ళండి. ముందు చక్రాలకి అడ్డం పెట్టి, వెనక రెండు చక్రాలూ ఒకేసారి గాల్లోకి లేపాలి. ఒక్క పక్కే లేపితే రాడ్ మెలితిరిగి బిగుసుకుని ఉంటుంది, ఆ స్థితిలో లింక్ విప్పితే కడ్డీ ఎగిరి చేతి మీద కొడుతుంది. రెండూ వేలాడుతుంటే రాడ్ వదులుగా ఉంటుంది, భయం లేదు.

విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తియ్యండి, రాడ్ వంపు పైకా కిందకా, డి బుష్ చీలిక ఏ వైపు చూస్తోంది, ఏ వాషర్ ఎక్కడ. తర్వాత లింక్ నట్టు. పానాతో నట్టు తిప్పితే లోపలి బాల్ జాయింట్ కూడా దాంతోపాటే తిరిగేస్తుంది, అక్కడే చాలామంది గంట పోగొట్టుకుంటారు. స్టడ్ కొసన చిన్న ఎల్ కీ గాడి గానీ నక్షత్రం గాడి గానీ ఉంటుంది, మట్టి గీకి అందులో కీ పెట్టి కదలకుండా పట్టుకుని రింగ్ పానాతో నట్టు తిప్పాలి. గాడి అరిగిపోతే కోసెయ్యడమే, లింకులు ఎలాగూ కొత్తవి కదా. లింకులు రెండూ విడిపోయాక బ్రాకెట్ బోల్టులు, చివర్న రాడ్. అది తిన్నగా రాదు, సైలెన్సర్ గొట్టం అడ్డొస్తుంది, రబ్బరు హ్యాంగర్లు రెండు తప్పిస్తే గొట్టం కాస్త కిందకి దిగి దారిస్తుంది. నాకు సాయం వచ్చిన ఒడియా కుర్రాడు ప్రతి బోల్టుకీ "హెబో, హెబో" అంటూనే ఉన్నాడు, అవుద్ది అవుద్ది అని, నిజంగానే అయింది. ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) వైరునీ బ్రేకు గొట్టాన్నీ లాగకుండా చూసుకోండి.

కొత్త రాడ్‌కి బుష్ లోపలి కొలత దాని లావుకి సరిపోవాలి, పాత 19 బుష్‌ని 21 రాడ్‌కి సాగదీసి ఎక్కించకూడదు. రబ్బరు బుష్ అయితే సబ్బు నీళ్ళు చాలు, మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోద్ది. పాలియూరిథేన్ (రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్ లాంటిది) బుష్ అయితే దానితో పాటు వచ్చే సిలికాన్ గ్రీజు లోపలంతా మందంగా పట్టించాలి, తక్కువైతే మూడో నెలకల్లా కిర్రు కిర్రు మొదలు. నేను రబ్బరే ఎంచుకున్నాను, మన దుమ్మూ బురదా పాలియూరిథేన్‌లోకి దూరి ఏటా విప్పి గ్రీజు పెట్టాల్సి వస్తుంది, రోజువారీ బండికి ఆ పని ఎవరు చేస్తారు. రాడ్ పక్కకి జరక్కుండా బుష్ పక్కన ఆపే కాలర్లు ఇస్తే అవి తప్పక వెయ్యండి.

అన్నీ ముందు చేత్తోనే బిగించండి. అసలు బిగింపు చక్రాల మీద బండి బరువు పడ్డాకే. కింద దూరడానికి చోటు లేకపోతే రెండు పక్కలా జాకీలతో చక్రం ఆర్మ్‌లని సమానంగా, బండి నేల మీద ఉన్నప్పుడు ఉండే ఎత్తుకి లేపి బిగించొచ్చు. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలికలోనే ఉండి తొందరగా చిరుగుతుంది. పొడుగు మార్చుకునే లింకులైతే డ్రైవర్ సీట్లో ఒకర్ని కూర్చోబెట్టి చదును నేల మీద సరిచెయ్యండి, రెండో లింక్ బోల్టు సుత్తి అక్కర్లేకుండా వేలితో తోస్తే దూరిపోవాలి, దూరిందంటే రాడ్‌లో మెలిక లేనట్టు. దూరకపోతే పొడుగు మార్చండి, కొట్టి దూర్చకండి. టార్క్, అంటే నట్టు ఎంత బలంతో బిగించాలన్నది, మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది, ఆ బిగింపు రాగానే క్లిక్ మనే టార్క్ రెంచితో అంతే బిగించండి, లోపల నైలాన్ రింగు ఉండే నట్లు పాతవి మళ్ళీ వాడొద్దు. బిగించాక నట్టు మీంచి బోల్టు మీదకి తెల్ల పెయింట్ మార్కర్‌తో ఒక గీత గియ్యండి, తర్వాత టార్చి వేసి చూస్తే చాలు, గీత తెగిందంటే నట్టు కదిలినట్టే. చివరగా చక్రాలు పూర్తిగా కిందకి వేలాడినప్పుడూ, బరువు మీద ఉన్నప్పుడూ రాడ్ దేనికైనా తగులుతుందేమో చూడండి, ముఖ్యంగా బ్రేకు గొట్టం, సైలెన్సర్.

మొదట మెత్తటి బెజ్జంలోనే పెట్టి రెండు వారాలు తిరగండి. మీకు బాగా తెలిసిన మలుపుని, మీరెప్పుడూ తీసుకునే వేగంతోనే, అదే గాలితో, పొడి రోడ్డు మీద తీసుకుని స్టీరింగ్ ఎంత తిప్పాల్సి వస్తోందో గమనించండి. వేగం పెంచి చూడ్డం పరీక్ష కాదు, ఘాట్ మీద ఎదురుగా లోడు లారీ మలుపు మొత్తం వాడుకుంటూ వస్తుంది. నాకు తెలిసిన తేడా ఏటంటే స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరుగుతోంది, ముందు ఒక క్షణం ఆలోచించి తిరిగేది. ఒక పక్క చక్రం గుంతలో పడితే మాత్రం ఆ కుదుపు రెండో పక్కకి కూడా వెళ్ళి తల అటూ ఇటూ ఊగుతుంది. మా ఊరి లోపలి రోడ్లలో ఇది తెలుస్తూనే ఉంది. నేను ఒకసారి గట్టి బెజ్జంలోకి మార్చి చూసి, అమ్మ "మలుపుల్లో బాగుంది గానీ గుంతల్లో మెడ పట్టేస్తోందిరా" అంటే మళ్ళీ మెత్తటి దాంట్లోకి తెచ్చేశాను.

వానాకాలం గురించి తప్పకుండా చెప్పాలి. వెనక గట్టిపడిన బండి తడి రోడ్డు మీద దిగుడు మలుపులో సగంలో ఉండగా మీరు యాక్సిలరేటర్ టక్కున వదిలేసినా, బ్రేకు తొక్కినా బరువు ముందుకి వచ్చేసి వెనక భాగం బయటికి జారొచ్చు. ముక్కు తోసుకుపోవడం అందరికీ అలవాటే, వెనక జారడం చాలామందికి అలవాటు లేదు. కాబట్టి మలుపుకి ముందే గేరు దించి వేగం తగ్గించుకుని, మలుపులో కాలు ఒకేలా ఉంచండి. నాలుగు టైర్లలో మంచివి రెండూ వెనక్కి వెయ్యండి, అరిగినవి వెనక పెట్టుకుని లావు రాడ్‌తో పొట్టంగి పొగమంచులోనో సుంకి వానలోనో దిగొద్దు. ఇంట్లో ఇంకెవరైనా అదే బండి నడిపితే వాళ్ళని కూర్చోబెట్టి ఇది విడమర్చి చెప్పండి. మా తమ్ముడికి నేను పక్కన కూర్చుని రెండు ట్రిప్పులు దింపించాకే తాళం ఇచ్చాను.

వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి కింద దూరి నట్లన్నీ టార్క్ రెంచితో చూడండి, తర్వాత సర్వీసు చేసిన ప్రతిసారీ గీతలు చూస్తే చాలు. నా బండిలో మొదటిసారి చూసినప్పుడు కుడి పక్క లింక్ కింది నట్టు గీత కొంచెం తెగి ఉంది, రెంచి పెడితే పావు చుట్టు తిరిగి క్లిక్ మంది. ఆ తర్వాత మళ్ళీ కదల్లేదు.